అన్నదమ్ముల ఉప్పు

“ఒకే గిన్నెలో తిని పెరిగాం కదన్నయ్యా, బీపీ నాకే ఎందుకొచ్చింది?”

“నన్నడుగుతావేంట్రా? నేనేమన్నా అంటించానా?” అంటూ పెద్దాయన తన కూరలో ఇంకో చిటికెడు ఉప్పు చల్లుకున్నాడు.

గోడ అవతలి ఈ గొడవకి పగటినిద్ర చెడి నేను అప్పటికే వాళ్లింటికెళ్లి కూర్చున్నాను. తమ్ముడు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమనిషి, నాకు వరసకి బాబాయ్. ఉప్పు తిన్నా కొందరికి బీపీ పెద్దగా పెరగదనీ, కొందరి ఒంట్లో మాత్రం ఉప్పు తిష్ఠ వేస్తుందనీ, అందులో కొంత పుట్టుకతో వచ్చే జన్యువుల పనేననీ డాక్టరమ్మ చెప్పిందట. తోడబుట్టినవాళ్లకైనా జన్యువులన్నీ ఒకేలా రావట.

“అంటే ఆ పంపకంలోనూ మంచి వాటా అన్నయ్యకే ఇచ్చారన్నమాట!” అని బాబాయ్ మూతి ముడిచాడు.

అలిగినా ఉప్పు తగ్గించాడు. కొన్నాళ్లకి బీపీ దిగింది, దాంతోపాటు నాలుకా మారిపోయింది. తన నోటికి సరిపోయిందనుకుని వండిన కూర చప్పగా ఉందని కార్మికులు కంచాలు తోసేశారు. ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని పెట్టుకుంటానని మేనేజర్ తేల్చి చెప్పాడు. రుచి చూడ్డానికి అన్నని పిలుద్దామంటే, ఆయన నాలుకకి సముద్రం కూడా చప్పనే.

చివరికి నా దగ్గరికొచ్చాడు.

“కాలేజీ మానేసి ఖాళీగానే ఉన్నావుగా, రోజూ వచ్చి కూరలో ఉప్పు చూడరా. కానీ ముందు వెళ్లి నీ బీపీ చూపించుకో, నీకూ ఉప్పు మానమన్నారంటే నా పని అయిపోయినట్టే.”