అందరికన్నా వెనక ఉరికిన మేడం

మా పీఈటీ మేడం పోయారు. పొద్దున చాయ్ తాగుతుంటే, గురుకులంలో నాతో చదివిన దోస్తు ఫోన్ చేసి "మేడం పోయిందే" అని ఒక్క మాట చెప్పి ఏడ్చింది. నాకు మాత్రం వెంటనే ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఈ మాట రాస్తే తిట్టేవాళ్లుంటారని తెలుసు. కానీ ఊపిరితిత్తుల జబ్బుతో పడుకోలేక, మంచం మీద కూర్చునే ఆమె ఎన్ని రాత్రులు తెల్లవార్చారో చూసినవాళ్లెవరైనా అదే అంటారు. నిద్రలోనే పోయారట. పైగా నేను చదువు ముగించుకుని తిరిగొచ్చి, ఆమెను కళ్లారా చూసుకున్నాక పోయారు. నా మనసులో బాకీ పడ్డ మాట ఒక్కటీ లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో కేతేపల్లి దగ్గరి ఆడపిల్లల గురుకులంలో ఎనిమిదో తరగతిలో చేరాను. మాది మగ్గాల ఇల్లు. బాపు నేసేవాడు, అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. మా ఇంట్లో అందరిదీ కూర్చుని చేసే పనే. కుక్క వెంటపడితే తప్ప పరుగంటే ఎరగని నన్ను, తెల్లవారకముందే లేపి కాలువ కట్ట మీద ఉరికించింది ఈ మేడమే. చుడీదార్ మీద చున్నీని నడుముకు బిగించి, తెల్ల కాన్వాస్ బూట్లేసుకుని, మెడలో విజిల్‌తో డార్మెటరీ గుమ్మంలో నిలబడేవారు.

"లేవుండ్రి, లేవుండ్రి! ఇంకెంత సేపు పంటరు?"

"సూర్యుడే లేవలే మేడం" అని దుప్పట్లోంచే గునిసేవాళ్లం.

"ఆయనకు నా అసొంటి మేడం లేదు గద, అందుకే లేవలే. మీకున్నది. లేవుండ్రి!"

అందరూ ఉరికేవాళ్లం. ఆమె మాత్రం అందరికన్నా వెనక ఉరికేవారు. దీని మీద మా దగ్గర బోలెడు కథలుండేవి. మేడంకు ఒళ్లొచ్చింది, ఉరకలేదని కొందరు. కాదు, మధ్యలో నడిచే దొంగలను పట్టుకోవడానికని కొందరు. ఆ సంగతి నన్నడగాలి. ఎందుకంటే పిల్లలందరిలో ఆఖరుదాన్ని నేనే. నా వీపు వెనక ఎప్పుడూ ఆమె బూట్ల చప్పుడు, ఆమె గొంతు. "ఎనుక నేనున్న, నువ్వు ఉరుకు." రోజూ అదే మాట. నాకు ఒళ్లు మండేది.

"మీరు ముందల పోండ్రి మేడం, నేనొస్త."

"నేను ముందల పోతే నీ ఎనుక ఎవరుంటరే?"

ఆయాసం వచ్చి నేను ఆగిపోతే ఒక్కనాడూ కసరలేదు. తనూ ఆగి, వంగి, బూటు లేస్ విప్పి మళ్లీ తీరిగ్గా కట్టుకునేవారు. ముందున్న పిల్లలు తిరిగి చూస్తే, మేడం లేస్ కట్టుకుంటోంది కాబట్టి నేను ఆగాననుకునేవాళ్లు. ఆ లేస్ ఎందుకు అన్నిసార్లు విప్పి కట్టేవారో పదో తరగతికి వచ్చాక గాని నా మట్టి బుర్రకు ఎక్కలేదు.

డిగ్రీ అయ్యాక పై చదువుకు స్కాట్లాండ్ వెళ్లాను. వెళ్లిన మూడు నెలలకు చలికాలం మీద పడింది. మధ్యాహ్నం చాయ్ వేళకే చీకటి. మొదటి పరీక్షల్లో ఒక సబ్జెక్టు తప్పాను. క్లాసులో వాళ్ల ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు, నాది వాళ్లకు అర్థమయ్యేది కాదు. గది తలుపేసుకుని అన్నం వండుకోవడం కూడా మానేశాను. ఒకనాడు అమ్మకు ఫోన్ చేసి "నేనొచ్చేస్త, నాతోటి గాదు" అన్నాను.  అమ్మ ఆ మరునాడే నల్లగొండ పోయి, అప్పటికి రిటైరై ఉన్న మేడం ఇంట్లో కూర్చుని నాకు ఫోన్ కలిపింది.

ధైర్యం చెబుతారేమో, కోప్పడతారేమో అని నేను చెవి అప్పగించి కూర్చున్నాను. ఆమె అడిగింది వేరే.

"తిన్నవా?"

"తిన్న మేడం."

"అబద్ధం. సరే, ఉరుకుతున్నవా?"

"ఎక్కడ మేడం! ఈడ స్టూడెంట్లకు రన్నింగ్ క్లబ్ ఉన్నది గని, అందరు గుర్రాల లెక్కుంటరు. నేను పోతే ఆఖరున పడ్త. ఇజ్జత్ పోతది."

"పడు. అది నా జాగానే గద. ఇన్నేండ్లు నేనున్న, నాకేమన్న ఇజ్జత్ పోయిందా? పో బిడ్డా, ఒక్కసారి పోయి రా. అటెన్క గూడ రాబుద్ధయితే రా, నల్లగొండ టేషన్‌కు నేనే వస్త."

ఆ బుధవారం సాయంత్రం పోయాను. సన్నగా వాన. పొట్టి నిక్కర్లలో పొడుగు కాళ్ల పిల్లలు గంతులేస్తున్నారు. నేను రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్. మొదలుపెట్టిన కాసేపటికే అందరూ వీధి దీపాల వెలుతురు దాటి వెళ్లిపోయారు. పసుపు జాకెట్ వేసుకున్న ఒక అమ్మాయి మాత్రం నా వెనకే వస్తోంది. పాపం, నా వల్ల ఈమె పరుగు చెడిపోతోందని ప్రాణం చచ్చిపోయింది. సారీ, మీరు ముందుకెళ్లండి అన్నాను. నవ్వింది. మళ్లీ అన్నాను. మళ్లీ నవ్వింది. ఇక ఆగి, చేతులు జోడించినంత పని చేసి చెప్పాను. అప్పుడు ఆమె తన జాకెట్ పట్టుకుని చూపించి, ఈవేళ వెనక ఉండే వంతు నాది, ఈ జాకెట్ వేసుకున్నవాళ్లను దాటి ఎవరూ వెనకబడకూడదు, నువ్వు ఇంటికి చేరితేనే నేను ఇంటికి పోయేది అంది.

ఆ దేశంలో కాలు పెట్టినప్పటి నుంచి గుండెల మీద కూర్చున్న బండ ఏదో దొర్లిపోయింది. వానలో ఏడ్చాను. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు. గదికి వచ్చి అన్నం, పప్పు వండుకుని కడుపు నిండా తిని, మన దేశంలో తెల్లవారేదాకా ఆగి మేడంకు ఫోన్ చేశాను.

"అయితే ఆడ గూడ నా అసొంటోళ్లు ఉన్నరన్నట్టు" అని ఎంత సంబరపడ్డారో. "ఇగ నాకు ఫికర్ లేదు."

తిరిగి వచ్చే మాట మళ్లీ ఎత్తలేదు. తప్పిన సబ్జెక్టు పాసయ్యాను. ఎండాకాలం వచ్చేసరికి ఆ పసుపు జాకెట్ వేసుకునే వంతు నాకూ వచ్చింది. ఫోటో పంపిస్తే, "సైజు పెద్దగున్నది, జర తిను" అని జవాబు.

చదువు ముగిసి వచ్చాక నల్లగొండలో ఆమె ఇంటికి వెళ్లాను. మనిషి సగమయ్యారు. దవాఖానలో రోజూ కాస్త నడవమన్నారట. "పా, ఉరుకుదాం" అన్నారు నన్ను చూడగానే. గల్లీ చివరి కిరాణా దుకాణం దాకా బయల్దేరాం. నాలుగు ఇళ్లు దాటేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు చూస్తున్నారు. నేను గబుక్కున వంగి చెప్పు సవరించుకోవడం మొదలుపెట్టాను.

ఆమె గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, నా కాళ్ల వైపు చూసి నవ్వారు. "ఓ పిల్లా, హవాయి చెప్పుకు లేస్ ఏడున్నదే?"

దొరికిపోయాను. ఇద్దరం ఆ గోడకు ఆనుకుని నవ్వాం. ఇన్నేళ్లూ అడగనిది అప్పుడే అడిగాను, ఎందుకు మేడం ఎప్పుడూ వెనకే ఉండేవారని.

"నౌకరీల కొత్తగ చేరినప్పుడు నేనే అందరికన్న ముందల ఉరికేదాన్ని. ఒకనాడు మంచు పడ్డది. బడికొచ్చి లెక్కవెడితే ఒక పిల్ల తక్కువ. నా పానం పానంల లేదు. మళ్ల ఉరికిన. కాలు మడతవడి, కాలువ ఒడ్డున ఒక్కతే కూసున్నది. పిలుద్దామంటె ఎనుక ఎవ్వరు లేరు మేడం అన్నది." గోడ మీంచి చెయ్యి తీశారు. "గా పిల్లకేం గాలే, నేను బతికిపోయిన. గా దినం సంది ముందల ఉరకలే."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు, నేను ఒక అడుగు వెనక. మధ్యలో తిరక్కుండానే అడిగారు. "ఎనుక ఉన్నవా?"

"ఉన్న మేడం. మీరు నడువుండ్రి."

నేను చివరిసారి ఆమెతో నడిచింది అదే.

ఆమెను తీసుకుపోయే రోజు ఎక్కడెక్కడి నుంచో పాత పిల్లలు వచ్చారు. చంకలో బిడ్డలతో కొందరు, ఆఫీసు ఐడీ కార్డులు మెడలోంచి తీయకుండానే కొందరు. డప్పులు మొదలయ్యాయి. ఆమె ముందు, మేమంతా వెనక. పిల్లలందరినీ వెనక పెట్టుకుని మేడం ముందు పోవడం మా బతుకుల్లో అదే మొదటిసారి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

అందరికన్నా వెనక నడుస్తున్న నేను మలుపు దగ్గర ఎందుకో ఆగి వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీద నా నీడ తప్ప ఏమీ లేదు. అందరూ వచ్చేశారు. ఒక్క పిల్ల కూడా వెనకబడలేదు.