గాజు గ్లాసు మీద బూడిద గీత

మా చిన్నప్పుడు... వరి మిల్లు ఆడే రోజుల్లో పెరట్లో ఏదీ తడిగా వదిలేయకూడదు. మిల్లు గొట్టంలోంచి వచ్చే ఊక బూడిద కంటికి కనపడకుండా రాలుతూనే ఉండేది. ఆరేసిన బట్టలు, వడియాలు, కడిగిన అంట్లు... తడి ఎక్కడుంటే అక్కడ అంటుకునేది.

మాది కర్ణాటకలో సింధనూరు వైపు ఒక క్యాంపు, వలస వచ్చిన తెలుగు రైతుల ఊరు. తాతల కాలంలో భీమవరం పక్కనుంచి వచ్చి, కాలువ కింద వరి వేసుకుని స్థిరపడ్డాం. అంట్లు తోమడానికి తాయమ్మ వచ్చేది. రాయచూరు దగ్గర చంద్రబండలో పుట్టి మా పక్క ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. అంతకుముందు నాట్లకు వెళ్ళేదట. నీళ్ళలో నిలబడి నిలబడి కాలివేళ్ళ సందులు ఒరిసిపోయి, పుళ్ళు పడి, ఇక లాభం లేదని మా ఇంట్లో పనికి కుదిరింది.

ఆమె కడిగి నులక మంచం మీద బోర్లిస్తే, నేను వెంటనే నాన్న పాత పంచె ముక్కతో తుడిచి లోపల పెట్టాలి. బూడిద పడకముందే. అది నా పని... ఆరో తరగతి చదివే పిల్లకి ఇదొక పనా అని నాకు లోపల్లోపల చిరాకు.

ఒకరోజు భీమవరం నుంచి అత్తయ్య వచ్చింది, నాన్నకి అక్క. మేమిక్కడ రాళ్ళలో రప్పల్లో బతుకుతున్నామని ఆవిడ అనుకుంటుందేమోనని అమ్మకి ఎప్పుడూ ఒక బెంగ. అందుకే అటక మీది గాజు గ్లాసులు పొద్దున్నే దింపించి తాయమ్మతో కడిగించింది. నేను తుడవాలి కదా... పక్కింటి పిల్లలు తొక్కుడు బిళ్ళకి పిలిచారు. వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి గ్లాసులు ఎండకి వాటంతటవే ఆరిపోయి ఉన్నాయి. అలాగే తెచ్చి ట్రేలో పెట్టేశాను.

అమ్మ నిమ్మరసం పోసి ఇచ్చింది. అత్తయ్య గ్లాసు ఎత్తి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, ఒక్క గుక్క కూడా తాగకుండా కింద పెట్టేసింది. అమ్మ మొహం మాడిపోయింది.

నేనూ చూశాను. గ్లాసు మీద ఎన్ని నీటి చుక్కలు ఆరాయో అన్ని సున్నాలు... పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు అంచు, మధ్యలో మాత్రం ఏ మరకా లేదు.

అమ్మ తాయమ్మని పిలిచి నిలదీసింది. ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుని చూసి మెల్లగా అంది.

"నేను మంచిగనే కడిగిన అక్కా. గిది మిల్లు బూడిద. సుక్క ఆరేటప్పుడు బూడిదంత అంచుకు పోయి కూసుంటది."

ఇంకొక్క మాట మాట్లాడితే నేను తుడవలేదన్న సంగతి బయటపడుతుంది. భయం వేసింది. ఆ భయంలో నా బుర్ర పాదరసంలా పనిచేసింది.

"పైనుంచి పడిన బూడిద చుక్క అంతటా పడాలి కదమ్మా. అంచుకే ఎందుకు పోతుంది, దానికేమన్నా కాళ్ళున్నాయా? అది సబ్బు వదలని మరక."

అత్తయ్య నవ్వింది. వచ్చిన దగ్గర్నుంచీ అదే మొదటిసారి. లాయర్ని కన్నావమ్మా అంది అమ్మతో. అమ్మ మొహం మళ్ళీ వెలిగింది.

తాయమ్మ నా వైపు చూసింది. తర్వాత మంచం కోడుకి వేలాడుతున్న పంచె ముక్క వైపు చూసింది. అది పొడిగా ఉంది.

"సదువుకునే పిల్ల చెప్పినంక ఇంగ నాదేముంది తీ" అని చేతులు కొంగుకి తుడుచుకుంది. మర్నాటి నుంచి రావద్దని అమ్మ చెప్పేసింది.

కొన్నాళ్ళకి రెండో పంట నాట్లు మొదలయ్యాయి. స్కూలు ఆటోలోంచి చూశాను... మడిలో పిక్కల దాకా నీళ్ళలో వంగి తాయమ్మ. ఆటో చప్పుడికి తలెత్తింది. నేను మొహం తిప్పుకుని, పక్కనున్న అమ్మాయితో ఏవో లేనిపోని కబుర్లు మొదలుపెట్టాను.

రాయచూరులో డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు ల్యాబులో మేడం గాజు పలక మీద సుద్దపొడి కలిపిన నీటి చుక్క వేసి, ఆరేదాకా మైక్రోస్కోపులో చూడమన్నారు. చుక్క అంచు గాజుకి అతుక్కుని కదలదట. అక్కడ పల్చగా ఉంటుంది కాబట్టి ముందు ఆరుతుంది. ఆ తరిగిన చోటుకి మధ్యలోంచి నీళ్ళు పరిగెడతాయి... పోతూ పోతూ పొడినీ లాక్కుపోతాయి. టీ చుక్క మరకకి అంచే ముదురుగా ఉండేది అందుకేనట. అందరూ రాసుకుంటున్నారు. నేను మైక్రోస్కోపు వదల్లేదు. నా కళ్ళ ముందే ఒక్కో రేణువూ అంచుకి పోయి కూర్చుంటోంది.

ఆ ఆదివారం చంద్రబండ బస్సెక్కాను. తాయమ్మ ఇప్పుడు అక్కడే తమ్ముడింట్లో ఉంటోందని మా ఊళ్ళో విన్నాను. గడప పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ల్యాబులో చూసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఆరోజు నువ్వన్నదే నిజం అన్నాను. చేతిలో పని ఆపకుండానే వింది.

"అది నాకు ఎరుకే కద పాపా. గిది చెప్పనీకి ఇంత దూరమొచ్చినవా? నువ్వు తుడవలేదని మీ అమ్మకు చెప్పినవా మరి?"

తల అడ్డంగా ఊపాను. ఆమె టీ తాగిపొమ్మంది.

నాలుగేళ్ళయింది. ఇప్పటికీ చెప్పలేదు. పైగా చుట్టాలొస్తే అమ్మ ఆ కథే మురిపెంగా చెబుతుంది... ఆరో క్లాసులోనే దీని తెలివి చూడండి అని. నేను పక్కన నవ్వుతూ కూర్చుంటాను. కుదురుగా కూర్చోలేక ఏదో పనున్నట్టు లేచిపోతాను.

ఇప్పుడా మిల్లు మూతపడింది. పెరట్లో టైల్స్ పరిచాం. గాజు గ్లాసులు రోజువారీ అయిపోయాయి. అంట్లు తోమే మనిషి మాత్రం రెండు మూడు నెలలకోసారి మారుతుంది... పేరు కూడా సరిగ్గా తెలుసుకోం.

నేనిక్కడ ఏం రాసినా మొదటి లైకు అమ్మదే. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేకే ఇక్కడ రాస్తున్నాను. అమ్మా... తాయమ్మ శుభ్రంగానే కడిగింది. తుడవనిది నేను.

చిన్నప్పుడు ఇలా తెలివిగా మాట్లాడి ఒక మనిషి నోరు మూయించినవాళ్ళు మీలోనూ ఉంటే... కారణాలేవీ వద్దు, కింద ఆ మనిషి పేరొక్కటి రాయండి.