కాలానికి మాటేశాను

మొన్న బుధవారం కాలమంతా కట్టగట్టుకుని వచ్చి నా నెత్తిమీద పడింది. ఒట్టు! ఇంకా చెవిలో నీళ్ళు గుడగుడమంటున్నాయి.

నేను బర్ దుబాయ్‌లో ఒక హిందీవాళ్ళ ఇంట్లో పనిచేస్తున్నాను కదా. మేడమ్ ఆఫీసుకి పోద్ది. వాళ్ళమ్మాయి నిషా పదకొండో క్లాసు. కరోనా మూలాన స్కూలంతా ఇప్పుడు హాల్లోనే, లాప్‌టాప్‌లో. ఆ పెట్టెలో ముప్పై మంది పిల్లలు, వాళ్ళ మిస్సు. హాల్లోకి పోవాలంటే నేను గోడవార పీతలా నడుస్తాను. నలుగురిలోకి రావాలంటేనే నాకు ఒళ్ళు చచ్చిపోద్ది, ఇంక కెమెరానా!

నిషా కూడా నాలాంటిదే పాపం. పోయినసారి క్లాసులో మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు ఆగిపోయి ఏడ్చేసింది. ఈసారి ఐదు నిమిషాలు సరిగ్గా చెప్పలేకపోతే ఆ సబ్జెక్టే మానేస్తానని కూర్చుంది. చెప్పాల్సింది ఏంటయ్యా అంటే, కాలం గురించి పాతకాలపు గ్రీకువాళ్ళు ఏమన్నారో! నేను మొదట గ్రీజు అనుకున్నాను. మా ఆయన అబుదాబి పక్కన ముసఫ్ఫాలో కార్ల గ్యారేజీలో పని కదా, గ్రీజువాళ్ళు కూడా ఇంత ఆలోచిస్తారా అని ఆశ్చర్యపోయాను.

వారమంతా నా మీదే ప్రాక్టీసు. నేను బెండకాయలు తరుగుతుంటే పక్కన నిలబడి హిందీలో చెప్పేది.

"ఆంటీ, ఒకాయన ఏమన్నాడంటే, నిన్న అయిపోయింది, అది లేదు. రేపు ఇంకా రాలేదు, అదీ లేదు. ఇప్పుడు అనేది అనేలోపే జారిపోద్ది. మరి కాలం ఎక్కడుంది?"

"ఎక్కడుందో గానీ తల్లీ, నాకైతే సరిపోవట్లేదు," అన్నాను. పడీపడీ నవ్వింది.

ఏదీ కదలకపోతే కాలమే ఉండదని కూడా అన్నారంట. సరే, బాగానే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఎక్కడినుంచో ఒక మట్టికుండ తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టింది. నీళ్ళు పోసి చూస్తే అడుగునుంచి టప్ టప్ మని కారుతోంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

చెవుల్లో హెడ్‌ఫోను, చేతిలో బిస్కెట్టు, పోతా పోతా "యే కల్ కా హై, ఆంటీ!" అంది.

ఇక్కడే కొంప మునిగింది. హిందీలో కల్ అంటే నిన్న. కల్ అంటే రేపు కూడా! ఇన్నేళ్ళయినా నాకది తికమకే. నేనేమో నిన్నటిది అనుకున్నాను. నిన్న బొమ్మల క్లాసులో వాడేసింది కాబోలు, పనైపోయింది, కుండ చూస్తే చిల్లు. మళ్ళీ అడుగుదామంటే మొహమాటం. ఇంత మంచి కుండ! పెరుగు తోడేస్తే గడ్డలా తోడుకుంటుంది.

పైపులు కారితే పెట్టే ముద్ద ఉంటుంది చూడండి, రెండు రంగులవి కలిపి పిసుకుతామే, అది తీసి లోపలోసారి, బయటోసారి మాటేశాను. పొద్దున్నకి రాయి! నా పనితనానికి నేనే మురిసిపోయాను.

బుధవారం పదకొండింటికి నిషా ఆ కుండని హాల్లో పూలకుండీల స్టాండుమీద పెట్టి, కింద గిన్నె పెట్టి, నిండా నీళ్ళు పోసింది. మిస్సుతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో తర్వాత తెలిసింది లెండి: "మిస్, గ్రీకు కోర్టుల్లో ఇలాంటి కుండే గడియారం. నీళ్ళు కారినంతసేపే మాట్లాడాలి. నేనూ ఈ నీళ్ళు అయిపోయేదాకా మాట్లాడతాను."

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. ఎంత బాగా చెప్పిందో! ఎక్కడా తడుముకోలేదు. చెప్పడం అయిపోయింది. గిన్నెవైపు చూసింది. ఒక్క చుక్క లేదు!

మిస్సు నవ్వింది. "నీళ్ళు అలాగే ఉన్నాయిగా. కానివ్వు, కానివ్వు!"

పిల్ల చెప్పిందే మళ్ళీ చెప్పింది. కుండని తట్టింది. ఊహూఁ. ఇంతలో పెట్టెలోంచి ఒక అమ్మాయి, "కదలిక లేదు, అంటే కాలమూ లేదు మిస్! నిషా సాయంత్రందాకా మాట్లాడొచ్చు!" అంది. అందరూ గొల్లుమన్నారు. నిషా నావైపు తిరిగి, "ఆంటీ, పానీ..." అంది. కళ్ళనిండా నీళ్ళు.

అప్పుడు వెలిగింది నాకు! అయ్యబాబోయ్, కల్ అంటే రేపటికనా! అది కారడానికే పెట్టిన చిల్లా!

స్క్రూడ్రైవరు తీశాను. కెమెరాలో పడకూడదు కదా, చున్నీ మొహానికి చుట్టుకుని నేలమీద పాక్కుంటూ వెళ్ళాను. కిందనుంచి పొడిచాను. కదల్లేదు. గట్టిగా పొడిచాను. నేనే వేసిన మాటు, నన్నే వెక్కిరిస్తోంది! దేవుణ్ణి తలుచుకుని ఇంకొక్క పోటు...

భళ్ళున పగిలింది. కుండెడు నీళ్ళూ నా మీదే!

పెట్టెలోంచి మిస్సు, "టైమ్ అప్!" అంది.

ముప్పై మందీ పగలబడి నవ్వారు. నిషా కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతో భయం ఎటుపోయిందో, కళ్ళు తుడుచుకుని, "మిస్, లెక్కపెట్టే మనిషి లేకపోతే కాలం ఉంటుందా అని గ్రీకువాళ్ళు అడిగారు. పగలగొట్టే మనిషి ఉంటుందని వాళ్ళకి తెలీదు!" అంది. చప్పట్లే చప్పట్లు! ఫుల్లు మార్కులంట.

నేను మళ్ళీ పాక్కుంటూ పోదామనుకుంటే నిషా రెక్కపట్టుకుని లేపి కెమెరా ముందు నిలబెట్టింది. జుట్టులో కుండపెంకులు. నైటీ నుంచి నీళ్ళు. మిస్సు నవ్వుతూ ఇంగ్లీషులో నన్నేదో అడిగింది.

నాకొచ్చిన ఇంగ్లీషు మూడు ముక్కలు. ఏది సరిపోతుందో తెలీదు కదా, ఎందుకైనా మంచిదని మూడూ అప్పజెప్పేశాను: "యస్ మేడమ్, నో మేడమ్, సారీ మేడమ్!"

ఆవిడ అడిగింది నా పేరంట!