పాడేరు ఘాటీలో నేను విప్పిన డబ్బా

రాజమండ్రిలో నాకు కార్ల ఎలక్ట్రికల్ షాపు ఉంది. అనకాపల్లిలో టాక్సీ తిప్పే సన్యాసిరావుగారు తన డీజిల్ కారు పాడేరు ఘాటీ రోడ్డు ఎక్కడానికి ఆయాసపడుతోందంటే, పవర్ పెంచే చిప్పు ఒకటి పెట్టి పంపాను. అరచేతిలో పట్టే డబ్బా అది. ఇంజన్ కంప్యూటర్‌కి డీజిల్ ప్రెషర్ తక్కువగా ఉందని చెబుతుంది. కంప్యూటర్ అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది.

నెల తిరక్కుండానే బండి ఘాటీలో ఆగడం మొదలైంది. ఆ డబ్బా పెట్టాకే ఇలా అయిందని డ్రైవర్ అప్పల్నాయుడు చెప్పాడట. సన్యాసిరావుగారు ఫోన్ చేస్తే నేను ఫోన్లోనే తేల్చేశాను. "చిప్పుకేం కాదండి. మీ డ్రైవరు డీజిల్ అమ్ముకుని కిరోసిన్ కలుపుతున్నాడేమో చూసుకోండి" అన్నాను. ఆయన అతన్ని పనిలోంచి తీసేశారు. ఇరవై రోజులకి కొత్త డ్రైవర్ చేతిలోనూ బండి ఆగింది. నేను బయల్దేరక తప్పలేదు.

ఉదయం ఆరున్నరకి పాసింజరు ఎక్కాను. సామర్లకోటలో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. తునిలో ఎక్కిన ఒకాయన, అచ్యుతాపురంలో కంపెనీ పనికి వెళ్తున్నాడు, నా ఒళ్ళోని లాప్‌టాప్ చూసి ఏం పని మీద వెళ్తున్నానని అడిగాడు. డ్రైవర్ దొంగబుద్ధి వల్ల పాడైన బండిని చూడ్డానికన్నాను. అలా అనడానికి నాకేమీ తడబాటు కలగలేదు.

పదిన్నరకి అనకాపల్లిలో దిగాను. సన్యాసిరావుగారు కారుతో స్టేషన్ బయట ఉన్నారు. ఘాటీలోనే చూడాలని నేనే స్టీరింగ్ పట్టాను. చోడవరం, వడ్డాది దాటాక, పన్నెండు కావస్తుండగా ఎక్కుడు మొదలైంది. రెండో మలుపులో ఇంజన్ లైటు వెలిగింది. బండి నీరసించి పాకుతూ పక్కకి ఆగింది.

స్కానర్ పెట్టాను. డీజిల్ ప్రెషర్ మితిమీరడంతో కంప్యూటర్ ఇంజన్‌ని కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసింది. డబ్బా తీసేసి నడిపితే అదే మలుపు మెల్లగానే అయినా ఆగకుండా ఎక్కింది. వెనక్కి వచ్చి ఆపి, డబ్బా మూత చూశాను. నేను అంటించిన స్టిక్కరు, దాని మీద నా సంతకం, చెక్కు చెదరలేదు; నా తర్వాత ఎవరూ విప్పలేదు. విప్పితే, ప్రెషర్ ఎంత పెంచాలో నిర్ణయించే లోపలి స్విచ్ నాలుగు మీద ఉంది. ఈ ఇంజన్‌కి రెండు దాటకూడదు. అంతకుముందు ఒక పెద్ద బండి కోసం నాలుగు మీద పెట్టి, మార్చడం మరచిపోయి, ఇక్కడ బిగించాను.

స్విచ్‌ని రెండుకి జరిపి మూత వేసేశాను.

రోడ్డు పక్క అరటిపళ్ళు అమ్మే కొండ ఆవిడ మమ్మల్నే చూస్తోంది. "మళ్ళీ ఆగిపోనాదేటి బాబూ? ఆ పాత డ్రైవరు ఇక్కడే గంటలు గంటలు కూకుండేవోడు. జనాల సామాన్లన్నీ ఆడే మోసేవోడు" అంది.

సన్యాసిరావుగారు దగ్గరకొచ్చి, "ఏటయింది బాబూ? ఆడి కిరోసినేనా?" అన్నారు.

"కనెక్షన్ లూజైందండి" అన్నాను.

వడ్డాదిలో హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ఆయన నా విస్తట్లో తనే పప్పు వడ్డించారు. ముద్ద కలిపి వదిలేశాను. చేయి కడుక్కొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అబద్ధంతో సహా. ఆయన విస్తరి మడిచేశారు. "ఆడు నా కాళ్ళట్టుకున్నాడు. నాను ఇన్లేదు" అని, లేస్తూ "లెగండి, బుచ్చయ్యపేట ఎల్దాం. ఆడి ఊరదే" అన్నారు.

అప్పల్నాయుడు ఎవరిదో మడిలో కూలికి చెరుకు నరుకుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతుల నిండా చెరుకాకు కోసిన గీతలు. నేను చెప్పడం పూర్తయ్యాక, "నాను అప్పుడే సెప్పేను కదండి" అన్నాడంతే. మోపులు కడుతున్న అతని భార్య లేచి నిలబడింది. "మీరు మా సెవిలో సెప్తే ఏటి లాభం? దొంగోడన్న మాట టాక్సీ స్టాండు కాడ పుట్టింది. అక్కడికెల్లి సెప్పండి."

అతన్ని ఎక్కించుకుని అయిదు గంటలకి అనకాపల్లి టాక్సీ స్టాండుకి వచ్చాం. ఏడెనిమిది మంది డ్రైవర్లున్నారు. డబ్బా చేత్తో పట్టుకుని, తప్పు నా చేతిదని, చూడకుండానే ఫోన్లో ఇతని మీద నింద వేశానని చెప్పాను. వెనక నుంచి ఒకడు "గట్టిగా సెప్పండి" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకాయన మాత్రం అప్పల్నాయుడి భుజం మీద చేయి వేసి, "టీ తాగుదాం రా బావా" అని తీసుకుపోయాడు.

సన్యాసిరావుగారు వెనకే వెళ్ళి కారు తాళాలు ఇవ్వబోయారు. అప్పల్నాయుడు అందుకోలేదు. "సూత్తాను" అన్నాడు. నా వైపు తిరగలేదు.

ఆరు దాటాక వచ్చిన రైల్లో తిరుగు ప్రయాణం. చిప్పు ఇక తనకి వద్దని సన్యాసిరావుగారు అనడంతో సంచిలో వేసుకున్నాను. అనకాపల్లి దాకా వెళ్ళి బెల్లం కొనుక్కోకుండా వచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎలమంచిలి దాటినా ఆ స్టాండే కళ్ళ ముందుంది. అక్కడ రెండుసార్లు చెప్పినా నాకు అయిదు నిమిషాలు పట్టలేదు. చూడకుండా ఫోన్లో నేనన్న ఒక్క మాటకి ఒక మనిషి ఇరవై రోజులు సొంత ఊళ్ళో తల దించుకుని తిరిగాడు.