పాత స్టాకు రేకు

బండ్ల అడ్డాలో అతన్ని అందరూ రేకాయన అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు లైసెన్సు మీద భద్రంగానే ఉంది, దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. ఇళ్లు మారేవాళ్ల సామాను తన పాత పికప్పులో చేరవేయడం అతని పని. గాజు సామాను కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్దడం అతని భార్య పని. దారంతా పోట్లాడుకుంటూ వెళ్లి, ఒక్క కప్పు కూడా పగలకుండా దింపుతారని వాళ్లకు పేరు.

రేకాయన అనే బిరుదు ఊరికే రాలేదు. బండిలో ఫ్యూజు పోతే లోకులు కొత్తది వేస్తారు. మనవాడు సిగరెట్ పెట్టెలోని రేకు చింపి, పోయిన ఫ్యూజు గాజు గొట్టానికే చుట్టి, మళ్లీ అదే గూట్లో దూర్చేవాడు. దీపాలు వెలిగేవి, హారను మోగేది, రేకాయన మీసం మెలేసేవాడు. అది చూసి అడ్డా పక్క ఎలక్ట్రీషియను నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

"ఫ్యూజు పోవడమే దాని ఉద్యోగం అన్నా. అది పోకపోతే వైరు పోతుంది. వైరు పోతే బండే పోతుంది," అని చెప్పి, కొత్త ఫ్యూజుల డబ్బా ఒకటి బలవంతాన డాష్‌బోర్డు అరలో పడేశాడు. రేకాయన ఆ డబ్బా మూత తీయలేదు. ఆ మాటల్ని మాత్రం ఇంటికొచ్చి, అచ్చం ఎలక్ట్రీషియను గొంతుతో చెప్పి భార్యను నవ్వించాడు.

తర్వాత కొన్నాళ్లకు, బీరువా మోస్తూ మెట్ల మధ్యలో రేకాయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. బీరువాకి ఏమీ కాలేదు. సిగరెట్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. భార్య అంతటితో ఊరుకోలేదు.

"మళ్లీ తాగావని తెలిసిందో, తాళాలు నా చేతికిచ్చి నువ్వు పక్క సీట్లో కూర్చోవాలి," అంది.

ఆమెకు డ్రైవింగు వచ్చు. ఆ సంగతి గేర్లకే ఇంకా తెలియదు. స్టీరింగు వదలడమంటే రేకాయనకు పరువు, ప్రాణం రెండూ పోవడమే. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మరి ఫ్యూజులకు రేకు ఎక్కణ్నుంచి వస్తోందని ఆమె అడిగితే, "పాత స్టాకు ఉందిలే," అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఎవరివో పరుపులు, వంటసామాను వేసుకుని, పైన పట్టా కట్టి బయల్దేరారు. సగం దారిలో వాన దంచికొట్టింది.

"ఏదో మాడుతోందయ్యా," అంది ఆమె.

"ఎవరింట్లోనో కూర మాడుంటుంది," అన్నాడు రేకాయన. చుట్టుపక్కల కనుచూపు మేరలో ఇల్లన్నదే లేదు.

అంతలో వైపరు అద్దం మధ్యలో ఆగిపోయింది. రేకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, వానలో కళ్లు చికిలించుకుని తోలబోయాడు. ఆమె ఆపమంది. బండి ఫ్యూజులన్నీ బిగించి ఉండే పెట్టె డాష్‌బోర్డు కింద ఆమె మోకాళ్ల దగ్గరే ఉంది.

"నువ్వు ముట్టుకోకు. నేను అటు తిరిగొచ్చి చూస్తాను."

"తడుస్తావు. అసలే గుండె మనిషివి. తాళం తిప్పి బండి ఆపేసి కూర్చో."

రేకాయన కూర్చున్నాడు. ఆమె మూత ఊడదీసింది. మూత మీది బొమ్మలన్నీ చెరిగిపోయి హారను బొమ్మ ఒక్కటే మిగిలింది. అందుకని ఒక్కో ఫ్యూజూ పీకి వెలుతురులో పెట్టి చూసింది. కొన్నింటికి మాసిపోయిన వెండి రేకు. చివరి వరసలో ఒకటి నడుమ మాడిపోయి ఉంది. రెండు కొసలూ మాత్రం తళతళలాడుతున్నాయి.

"నువ్వు తాగినన్నాళ్లూ నీ పెట్టెలో వెండి రేకే కదా. ఇది బంగారు రంగులో ఉందేంటి?"

"పాతబడి పసుపెక్కిందేమోనే."

"పాతబడితే నల్లబడుతుందయ్యా. బంగారం అవుతుందా?"

రేకాయన వాన వైపు చూశాడు. వాన అతన్ని ఆదుకోలేదు.

"బండి కోసమే కొన్నానే. రేకు కావాలి కదా. తీరా కొన్నాక, లోపలివి పారేయడం ఎందుకని..."

ఆమె తిట్టలేదు. రేకాయనకు భయం వేసింది. ఆమె గూడు వెనక్కి వేలు పెట్టి చూసింది. వైరు తొడుగు మెత్తబడి వేలికి అంటుకుంది. డాష్‌బోర్డు అరలోంచి డబ్బా తీసి, మాడిన రేకు విప్పి, ఫ్యూజు కొసనున్న లోహపు టోపీ మీది అంకె చూసి, సరిగ్గా అదే అంకె ఉన్న కొత్తది పెట్టింది. రేకు చుట్టినవన్నీ తీసేసి వాటి స్థానంలోనూ కొత్తవి వేసింది.

"ఇప్పుడు తాళం తిప్పు."

వైపరు కదిలింది.

"ఈ వైరు రేపు ఎలక్ట్రీషియనుకి చూపిద్దాం. ఆయన గొంతుతో నన్ను నవ్వించావు, గుర్తుందా? ఫ్యూజు పోవడమే దాని ఉద్యోగం అని. మెట్ల మీద నీకు పోయింది అదేనయ్యా. నువ్వు దానికీ రేకు చుట్టావు."

అరచెయ్యి చాపింది. రేకాయన తాళాల గుత్తి తీసి అందులో పెట్టాడు. వానలోనే దిగి ఇద్దరూ సీట్లు మారారు.

మొదటి గేరు కెవ్వుమంది. రేకాయన చెయ్యి గేరు మీదికి పోబోయి వెనక్కొచ్చింది. కొంతదూరం పోయాక పక్కకు చూస్తే ఆమె ఏడుస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె తిట్లు అతను లెక్కపెట్టలేనన్ని తిన్నాడు. ఏడుపు చూసింది మాత్రం ఆసుపత్రిలో ఒక్కసారే. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

దానికి తోడు కూర్చున్న చోట ఏదో గుచ్చుకుంటోంది. అదేమిటో అతనికి తెలుసు. ఇన్నాళ్లూ ఆమె కూర్చున్న సీటు తొడుగు కిందే దాన్ని దాచాడు. చెయ్యి పెట్టి, నలిగిన సిగరెట్ పెట్టె లాగి ఆమె ముందు డాష్‌బోర్డు మీద పెట్టాడు.

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇదీ పాత స్టాకేనా?" అంది.

"కాదే. నిన్న కొన్నాను," అన్నాడు రేకాయన.