తప్పు మా పిన్నిదే

మా పిన్నికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఎగబడి ఒప్పుకుంటుంది. బాబాయి స్టవ్ మీద పాలు మాడబెడితే "నాదే తప్పు, మిమ్మల్ని కబుర్లలో పెట్టాను" అంటుంది. ఆ మాట నిజమేనని బాబాయి ముప్ఫై ఏళ్ళుగా నమ్ముతున్నాడు.

మొదట్లో ఆవిడ సాఫ్ట్‌వేర్ రాసేది. ఒకనాడు రైలు టికెట్ల ప్రోగ్రాం ఒకే సీటును నలభై మందికి ఇచ్చేసింది. నిప్పు తొక్కిన కోతిలా గెంతుతున్న మేనేజరు ముందు పిన్ని తాపీగా చెయ్యెత్తింది. తీరా చూస్తే, ఆవిడ ఉద్యోగంలో చేరడానికి రెండేళ్ళ ముందు రాసిన ప్రోగ్రాం అది. మేనేజరు గెంతడం ఆపాడు.

"మరెందుకు ఒప్పుకున్నారమ్మా?"

"చేరిన రోజే చూసుకోవాల్సింది కదండీ."

ఈవిడ ఇక్కడే ఉంటే రేపు గోడ బీటలకు కూడా పూచీ పడుతుందని భయపడి, ఆయన రోబోల విభాగానికి పంపేశాడు.

కొన్నేళ్ళకు నేనూ అక్కడే ఇంజనీరుగా చేరాను. అక్కడ తయారవుతున్నది రోగుల్ని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టే రోబో, పిన్ని ఆరేళ్ళ కష్టం. డైరెక్టరు ముందు పరీక్ష జరిగిన రోజు, మనిషికి బదులు ఇసక మూట పడుకోబెట్టాం. రోబో మూటను సుతారంగా ఎత్తింది. ఎత్తుతూనే ఉంది. మూట పైకప్పుకు తగిలి పగిలి, ఇసకంతా డైరెక్టరుగారి బట్టతల మీద కురిసింది.

ఎత్తు చూసే సెన్సరును ముందురోజు ఆపి, మళ్ళీ పెట్టడం మరిచిపోయింది నేనే.

"ఎవరిదీ నిర్వాకం?" అన్నాడాయన, కనుబొమల ఇసక దులుపుకుంటూ.

"తప్పు నాదేనండి," అంది పిన్ని.

నేను తల వంచుకుని ఇసక ఊడ్చాను. సాయంత్రానికల్లా ఆవిణ్ణి రోబో నుంచి తప్పించి, మేడ మీద కృత్రిమ మేధ పరిశోధన గదిలో పడేశారు.

మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. నాలుగోనాడు మధ్యాహ్నం మేడెక్కాను. పిన్ని కంప్యూటర్‌తో కుస్తీ పడుతోంది.

"తెలియనిది తెలియదని చెప్పడం నేర్పుతున్నానే దీనికి. మనుషుల కంటే మొండిది."

"పిన్నీ, ఆ సెన్సరు ఆపింది నేను."

"తెలుసు. ఎవరు ఆపారో అందులోనే నమోదై ఉందిగా."

"తెలిసి కూడానా?"

"అంతమందిలో నిలదీస్తే భయపడి అబద్ధమాడేదానివి. ఇక జీవితమంతా ఆ అబద్ధానికి కాపలా కాయాలి. సెన్సరంటావా, ఆ సాయంత్రమే పెట్టించాను. నిన్ను బాగుచేయడం నా చేతిలో లేదుగా, అందుకే నువ్వే వస్తావని ఆగాను. ముందు అన్నం తిను."

తన డబ్బా నా ముందుకు తోసింది. తిని, నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కళ్ళు తేలేశాడు.

"ఇంత ఆలస్యంగానా చెప్పడం?"

"ఆలస్యం నా వల్లేనండి," అంది నా వెనకే వచ్చిన పిన్ని. "భోజనానికి కూర్చోబెట్టాను."

డైరెక్టరు ఆవిడ వైపు తిరిగాడు.

"లేదమ్మా. ఏమీ విచారించకుండా మిమ్మల్ని పంపేశాను. తప్పు నాది. రేపట్నుంచి మీ రోబో దగ్గరికి మీరు వచ్చేయండి."

పిన్ని తన కంచంలోది ఎవరో లాక్కున్నట్టు బిక్కమొహం వేసింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడకు ఒక తప్పు దక్కకుండా పోవడం అదే మొదలు.