ఆదెన్నకు అందని చరణం

ఒకప్పుడు థర్మల్ కాలనీలో ఆదెన్న పాట లేని ఫంక్షన్ ఉండేది కాదు. కానీ బాయిలర్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ హోరు మీద అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది. అందుకే తోటి ఆపరేటర్ మారుతి తన రిటైర్మెంటుకు పాడమన్నప్పుడు, వారం ముందే కూతురు ప్రవల్లికను ఫోన్‌లో కరోకె ట్రాకులు వెతకమన్నాడు.

"పైకి పోయే పాటలొద్దు బిడ్డా. ఊపిరి తీసుకునేటందుకు నడుమ జర జాగా ఉండాలె."

ఆమె మెల్లగా సాగే పాటలు మూడు తీసింది. రెండింటిలో చరణం దగ్గర గొంతు చీలింది. శ్రుతి తగ్గిస్తే పల్లవి గొణుగుడులా వినపడింది. మూడోది మాత్రం మాట్లాడినట్టే సాగే పాట. రోజూ అదే సాధన చేశాడు.

తీరా స్టేజీ ఎక్కాక, ముందు వరుసలోంచి మారుతి లేచాడు.

"అది కాదన్నా! నా పెండ్లిల పాడినవు సూడు, గది పాడు. మా ఊరు మస్కికి పోతే మళ్ల ఎప్పుడు ఇంటనో ఏమో."

ఆదెన్న కాదనలేకపోయాడు. ప్రవల్లిక ఆ ట్రాక్ వెతికి పెట్టింది. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో మొదటి మాటకే గొంతు పూడుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. జనం పాపం తాళం వేస్తూనే ఉన్నారు. స్టేజీ తెర మీద పాట అక్షరాలు రంగు మారుతూ పోతుంటే, ఏం చేయాలో తోచక, మైకు పట్టుకుని సంగీతం అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

అడిగి తప్పు చేశాననుకున్నాడేమో, మారుతి అతని వైపు చూడలేదు.